ఉప్పుగాలికి ఏ కత్తి? అడవికి ఒక్కటే తీసుకెళ్లే డెల్టా వాళ్ల కోసం

అడవిలో పనికొచ్చే కత్తి ఒకటి కొనాలనుకున్నవాళ్లు ముందు వీడియోలు చూస్తారు. వాటిలో మంచు కురుస్తుంటుంది. గడ్డం పెంచిన మనిషి ఒకాయన దుంగ మీద కత్తి ఆనించి, వెనక నుంచి కర్రతో బాదుతుంటాడు. దుంగ రెండుగా చీలుతుంది. మనకి ముచ్చటేస్తుంది. ఆర్డర్ పెట్టేస్తాం.

నేనూ అలాగే కొన్నాను. ఏ కంపెనీదో అనవసరం. నల్లగా, బరువుగా, తోలు ఒరతో భలే ఉండేది. ఓడలరేవు దగ్గర సముద్రం ఒడ్డున రెండు రోజులు గడిపి వచ్చాక ఒరతో సహా బీరువా మీద పడేశాను. మూడు వారాల తర్వాత లాగితే రాలేదు. రెండు చేతులతో గుంజితే ఎర్రటి పొడి రాల్చుకుంటూ వచ్చింది. అమ్మ చూసి, "కత్తిపీటనైనా కడిగి, తుడిచి గోడకి ఆనిస్తాం. వేలు పోసి కొన్నదాన్ని తడి తోలు సంచిలో కుక్కుతావట్రా?" అంది.

ఇప్పుడు ఎవరైనా ఏ కత్తి కొనాలని అడిగితే, ఏ అడవికి వెళ్తున్నారని నేను అడగను. మీ ఊరేదండీ అని అడుగుతాను. కత్తి అడవిలో ఉండేది ఏడాదికి నాలుగైదు రోజులు. మిగతా మూడొందల అరవై రోజులూ మన ఇంట్లో, మన గాలిలో ఉంటుంది. అంతర్వేదిలోనో యానాంలోనో ఉండేవాళ్లకి ఆ మూడొందల అరవై రోజులే అసలు పరీక్ష.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది తుప్పు. కత్తి ఇనుము ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి కార్బన్ స్టీల్. 1095 అని పిలిచే రకంలో కార్బన్ దాదాపు 0.95 శాతం ఉంటుంది, క్రోమియం దాదాపు లేనట్టే. పదును తేలిగ్గా వస్తుంది, పాయనం (కాల్చి చల్లార్చి గట్టిపరిచే పని) సరిగ్గా పడితే దెబ్బకీ ఓర్చుకుంటుంది. మన ఇళ్లలోని పాత కత్తిపీట ఈ జాతిదే. పచ్చి అరటికాయ, మామిడికాయ తరిగితే నల్లబడేది అందుకే. రెండోది స్టెయిన్‌లెస్. క్రోమియం సుమారు 10.5 శాతం దాటితే ఇనుము పైన కంటికి కనపడని పొర ఒకటి ఏర్పడి తుప్పుని ఆపుతుంది. కత్తుల్లో వాడే రకాల్లో ఇది 13 శాతం చుట్టుపక్కల ఉంటుంది.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు అసలు పట్టదని కాదు. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరకి తూట్లు పొడుస్తుంది, సూది మొనంత గుంటలు పడతాయి. కానీ ఉప్పునీళ్లలో తడిసిన కార్బన్ స్టీల్‌ని తుడవకుండా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. స్టెయిన్‌లెస్ మన బద్ధకాన్ని కొన్నాళ్లు భరిస్తుంది. మీరు వాడిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చుక్క కొబ్బరినూనె రాసే మనిషైతే ఈ పేరా మీకు కాదు. నేను అలాంటి మనిషిని కాదని ఇప్పటికే తెలిసిపోయింది కదా.

రెండోది పొడవు, మందం. సినిమాలో అయితే కత్తితో పులిని పొడుస్తారు. నిజంగా అడవిలో చిక్కుకుంటే కత్తితో చేసేవి తాడు కోయడం, పుల్ల చెక్కడం, నిప్పు కోసం సన్నటి పేళ్లు గీయడం, చేప శుభ్రం చేయడం, గుడ్డ చింపడం. వీటికి నాలుగు నుంచి ఐదు అంగుళాల అలుగు, అంటే పిడి బయట ఉండే ఇనుప భాగం, చాలు. పొడవు పెరిగేకొద్దీ నరకడానికి బాగుంటుంది, చిన్న పనికి చేయి తిరగదు. మందం సంగతీ అంతే. ఐదు మిల్లీమీటర్ల మందపు కత్తి తేలిగ్గా విరగదు, కానీ దాంతో టమాటా కోస్తే నలుగుతుంది.

(పాము కాటు వేస్తే గాటు పెట్టడానికి కత్తి ఉండాలని ఇంకా చెప్పేవాళ్లున్నారు. కాటు వేసిన చోట కోయకూడదు, పీల్చకూడదు, గట్టిగా కట్టకూడదు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. ఆ పనిలో కత్తికి పాత్ర లేదు.)

మూడోది పిడి. అలుగు ఇనుమే పిడి చివరిదాకా వెళ్తే ఫుల్ టాంగ్ అంటారు. కర్రతో బాదే పని ఉంటే ఇది కావాలి. లేకపోతే అంత పట్టింపు అక్కర్లేదు. పిడి చేతిలో జారకపోవడం మాత్రం అందరికీ ముఖ్యమే. కొనేముందు చేతికి కాస్త నూనె రాసుకుని పట్టుకు చూడండి. షాపువాడు వింతగా చూస్తాడు, చూడనివ్వండి. నున్నటి చెక్క, మెరిసే ఇత్తడి పిడులు ఈ పరీక్షలో నెగ్గవు. రబ్బరు, గరుకు ప్లాస్టిక్ నెగ్గుతాయి.

నాలుగోది ఒర. తోలు ఒర అందంగా ఉంటుంది కానీ తడి పీలుస్తుంది, ఉప్పు దాచుకుంటుంది, కత్తిని లోపల నానబెడుతుంది. మన గాలికి ప్లాస్టిక్ ఒరే నయం. దాని కింద నీళ్లు కారిపోయే చిల్లు ఉండాలి.

ఎక్కడికి తీసుకెళ్లొచ్చు

కొనేముందు ఇది తెలియకపోతే కొన్నాక టెన్షన్. ఆయుధ చట్టం కింద ఉన్న నిబంధనల్లో, అలుగు 9 అంగుళాలకన్నా పొడవు గానీ 2 అంగుళాలకన్నా వెడల్పు గానీ ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసిన వాటికి మినహాయింపు ఉంది. కొబ్బరి తోటలో కత్తి పట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. అదే కత్తి నడుముకి కట్టుకుని అమలాపురం బస్టాండులో తిరిగితే కథ వేరు.

రెండో సంగతి చాలామందికి తెలియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్లకూడదు. ఆ చట్టంలో ఆయుధం అన్న మాటకి ఇచ్చిన అర్థంలో కత్తులు కూడా ఉన్నాయి. ఇక్కడ పొడవు లెక్క లేదు. కోరింగ మడ అడవులు అభయారణ్యం. పాపికొండలు జాతీయ ఉద్యానవనం, అక్కడా ఇదే నియమం. మారేడుమిల్లి వైపు వెళ్లేవాళ్లు ఎక్కడిదాకా పార్కో, ఎక్కడి నుంచి మామూలు అడవో అక్కడి అటవీశాఖ వాళ్లనే అడిగి, కత్తి సంగతి ముందే చెప్పడం మంచిది. చేటంత కత్తి చూపించి అడగడానికీ, నాలుగంగుళాల వంట కత్తిలాంటిది చూపించి అడగడానికీ తేడా మీకే తెలుస్తుంది.

పోటీలో ఉన్నవి

| కత్తి | తుప్పు | చిన్న పని | నరకడం, చీల్చడం | ఇంట్లో పదును పెట్టడం |
|---|---|---|---|---|
| కమ్మరి కత్తి | త్వరగా పడుతుంది | చేసిన తీరును బట్టి | బాగుంటుంది | తేలిక |
| మోరా కంపానియన్, స్టెయిన్‌లెస్ | తక్కువ | చాలా బాగుంటుంది | పర్వాలేదు, బాదకూడదు | అన్నిటికన్నా తేలిక |
| మోరా గార్బెర్గ్ | తక్కువ | బాగుంటుంది | బాగుంటుంది | తేలిక |
| గెర్బర్ స్ట్రాంగ్‌ఆర్మ్ | తక్కువ | మధ్యస్థం | బాగుంటుంది | కాస్త ఓపిక కావాలి |
| కే-బార్ | త్వరగా పడుతుంది | మధ్యస్థం | బాగుంటుంది | తేలిక |
| కుక్రీ | త్వరగా పడుతుంది | కష్టం | అన్నిటికన్నా బాగుంటుంది | వంపు వల్ల కష్టం |

కమ్మరి కత్తి. ముందు దీని గురించే చెప్పాలి, ఎందుకంటే వీడియోలు దీన్ని చూపించవు. పాత లారీ కమాను పట్టీ తెచ్చిస్తే, కొలిమి ఉన్న ఊళ్లో మనకి కావలసిన కొలతకి కత్తి చేసిస్తారు. కమాను పట్టీ ఇనుము వంగి మళ్లీ యథాస్థానానికి రావడానికే పుట్టింది కాబట్టి దెబ్బకి తట్టుకుంటుంది. బొండాలు కొట్టే కత్తులు రోజుకి వందల దెబ్బలు తినీ నిలబడుతున్నాయంటే చూడండి.

ఇందులో లాటరీ రెండు చోట్ల ఉంది. ఒకటి పట్టీ. లారీ కింద ఏళ్లతరబడి వంగి లేచిన ఇనుములో కంటికి కనపడని పగుళ్లు ఉండొచ్చు. రెండోది పాయనం, అంటే కాల్చిన అలుగుని చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడి చేసి గట్టిదనం సరిచేసే పని. ఎక్కువైతే అంచు పెచ్చులూడుతుంది, తక్కువైతే మడత పడుతుంది. తీసుకునేటప్పుడు అంచు మీద ఆకురాయితో ఒకసారి గీసి చూడండి. ఆకురాయి వెన్న మీద గీసినట్టు దిగిపోతే ఇనుము మెత్తన, అసలు పట్టకుండా అద్దం మీద గీసినట్టు జారిపోతే మరీ పెళుసు. కష్టపడి కొద్దిగా పట్టాలి.

మా ఊరి కమ్మరి మావయ్యని నాలుగంగుళాల కత్తి చేయమంటే, "ఆయ్, ఇది కత్తా అండీ, పళ్లు కోసుకునే చాకా?" అన్నాడు. నవ్వుతూనే చేశాడు గానీ మందం ఆరు మిల్లీమీటర్లు ఉంచాడు. వాళ్ల చేయి పెద్ద పనులకి అలవాటు పడింది. సన్నటి కత్తి కావాలంటే పక్కన కూర్చుని చేయించుకోవాలి. ఒర కూడా వాళ్లు ఇవ్వరు, మనమే చూసుకోవాలి.

మోరా కంపానియన్. స్వీడన్‌లోని మోరా అనే ఊరి పేరు దీనిది. అలుగు సుమారు 10.4 సెంటీమీటర్లు, మందం 2.5 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ రకంలో వాడేది 12సి27 అనే స్టీలు, క్రోమియం 13 శాతం పైనే. పిడి రబ్బరు లాంటిది, తడిచేతికి కూడా జారదు. ఒర ప్లాస్టిక్. చూడ్డానికి పెయింటర్ చేతిలో పనిముట్టులా ఉంటుంది, ఎవరూ భయపడరు. నా దృష్టిలో ఇది కూడా ఒక సుగుణమే.

దీని అసలు గొప్పదనం పదునులో ఉంది. అలుగుకి రెండు వైపులా వెడల్పాటి వాలు ఒక్కటే ఉంటుంది. ఆ వాలుని సానరాయి మీద చదునుగా ఆనించి తోస్తే చాలు, కోణం లెక్కపెట్టాల్సిన పని లేదు. మొదటిసారి సానపట్టేవాళ్లకి కూడా పదును వస్తుంది. నైలాన్ తాడు మీద పెడితే తెగిపోవాల్సిందే.

లోటు లేకపోలేదు. లోపలి ఇనుము పిడి చివరిదాకా వెళ్లదు. దుంగ మీద పెట్టి బాదడానికి ఇది కాదు. వెన్ను, అంటే పదును లేని పైవైపు, అంచులు గుండ్రంగా ఉంటాయి కాబట్టి నిప్పురవ్వల కడ్డీని, అదే ఫెర్రో రాడ్‌ని, దీని వెన్నుతో గీస్తే రవ్వలు సరిగ్గా రాలవు. అంచుతో గీస్తే పదును పాడవుతుంది. కడ్డీతో పాటు వచ్చే ఇనుప ముక్కని తాడు కట్టి ఉంచుకోవడమే మార్గం. ఇంకో జాగ్రత్త: ఇదే పేరుతో కార్బన్ స్టీల్ రకం కూడా అమ్ముతారు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పెట్టె మీద స్టెయిన్‌లెస్ అని ఉందో లేదో చదవండి.

మోరా గార్బెర్గ్. కంపానియన్‌లో లేనివి ఇందులో ఉన్నాయి. ఫుల్ టాంగ్, 3.2 మిల్లీమీటర్ల మందం, వెన్ను అంచు పదునుగా గీసి ఉంటుంది కాబట్టి ఫెర్రో రాడ్ నుంచి రవ్వలు బాగా రాలతాయి. స్టెయిన్‌లెస్‌లో దొరుకుతుంది, కార్బన్ రకం కూడా ఉంది కాబట్టి చూసి తీసుకోవాలి. మరి అందరికీ ఇదే కొనమని ఎందుకు చెప్పను? ధర కంపానియన్‌కి కొన్ని రెట్లు. అంత పెట్టి కొన్నదాన్ని మనం దాచుకుంటాం. పడవలో పడేయం, పక్కవాడికి ఇవ్వం. దాచుకునే కత్తి అవసరానికి ఇంట్లో ఉంటుంది.

రవ్వల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. చెకుముకి రాయితో నిప్పు చేయాలంటే కార్బన్ స్టీలే కావాలి, ఎందుకంటే అక్కడ కాలి రాలేది ఇనుము. ఫెర్రో రాడ్‌లో కాలేది కడ్డీ, కత్తి కేవలం గీకుతుంది. అందుకే స్టెయిన్‌లెస్‌తో నిప్పు పుట్టదన్న మాట సగమే నిజం. వీటన్నిటికన్నా రెండు లైటర్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకెళ్లడం తేలిక.

గెర్బర్ స్ట్రాంగ్‌ఆర్మ్. అలుగు 4.8 అంగుళాలు, 420హెచ్‌సీ స్టెయిన్‌లెస్, ఫుల్ టాంగ్, రబ్బరు పట్టు, ప్లాస్టిక్ ఒర. మోటు పనికి నమ్మకమైనది. మందం వల్ల సన్నపని కాస్త తక్కువ. సగం అలుగుకి కక్కులున్న రకం కూడా దొరుకుతుంది. కొడవలికి కక్కు కొట్టించినట్టే అది తాడుని రంపంలా కోస్తుంది, కానీ మొద్దుబారితే మామూలు సానరాయి మీద పెట్టలేం. కక్కులు లేనిదే తీసుకోండి.

కే-బార్. 1942లో అమెరికా మెరైన్ సైనికుల కోసం తీసుకున్న కత్తి. ఏడంగుళాల అలుగు. చరిత్ర ఉంది, అందం ఉంది. మామూలు రకానికి కార్బన్ స్టీల్ అలుగు, తోలు బిళ్లలతో పిడి, తోలు ఒర. మన గాలి ఈ మూడింటినీ తినేస్తుంది. ప్లాస్టిక్ పిడి రకాలూ ఉన్నాయి గానీ వాటిలోనూ ఎక్కువగా అలుగు కార్బన్ స్టీలే. సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్లు దీన్ని ఇష్టపడి కొనుక్కోవచ్చు, అవసరపడి కాదు.

కుక్రీ. నేపాల్‌లో కూడా దీన్ని తరచుగా వాహనాల కమాను పట్టీల నుంచే చేస్తారు, అంటే మన కమ్మరి కత్తికి చుట్టమే. నరకడంలో దీనికి సాటి లేదు. కానీ చాలావాటి అలుగు 9 అంగుళాలు దాటుతుంది, పైన చెప్పిన లెక్క గుర్తు తెచ్చుకోండి. దీంతో చేప కడుపు చీల్చడం, వేలికి గుచ్చుకున్న ముల్లు తీయడం ప్రయత్నించకండి.

పిడిలో దిక్సూచి, గాలాలు, వెన్ను మీద రంపం ఉండే సినిమా కత్తుల్ని లెక్కలోకి తీసుకోలేదు. పిడి బోలు అంటే అలుగు పిడి మొదట్లోనే ఆగిపోయిందని అర్థం. విరిగేది అక్కడే.

మీరు ఎలాంటి వాళ్లు?

లంకల్లో ఉండి, వరద గురించి ఆలోచించేవాళ్లకి ముందు చెప్పాలి, ఎందుకంటే 1986 ఆగస్టు, 2022 జూలై చూసిన ఊళ్లకి అడవి అక్కర్లేదు, గోదావరే ఇంటికి వస్తుంది. ఆ రాత్రి కత్తికి పడే పని పశువుల పలుపు తాళ్లు కోయడం, పడవ తాడు తెంచడం, అరటి దుంగలతో తెప్ప కట్టడం. అరటి దుంగని ఏ కత్తైనా నరుకుతుంది. బిగుసుకుపోయిన తడి నైలాన్ ముడిని చీకట్లో, ఒక చేత్తో కోయడానికి సన్నటి పదునే కావాలి. ఇంట్లో కమ్మరి కత్తి ఎలాగూ ఉంటుంది. దానికి తోడు కంపానియన్ ఒకటి గుమ్మం దగ్గర మేకుకి వేలాడదీయండి. ఒక్కటే అంటే కంపానియనే.

పడవల మీద, చేపల వేటలో ఉండేవాళ్లకి స్టెయిన్‌లెస్ తప్ప మరో మాట లేదు. ధర తక్కువది తీసుకోండి, ఏదో ఒక రోజు నీళ్లలో పడిపోతుంది.

మారేడుమిల్లి, రంపచోడవరం వైపు వానాకాలంలో వెళ్లి గుడారాలు వేసేవాళ్ల లెక్క మారుతుంది. డెల్టాలో నిప్పు రాజేయడానికి ఎండు కొబ్బరి మట్టలు, డొక్కలు, పీచు, సముద్రం ఒడ్డున సరుగుడు పుల్లలు దొరుకుతాయి. దుంగ చీల్చాల్సిన అవసరమే రాదు. అక్కడ వానకి కర్ర పైనంతా నానిపోతుంది. పొడి కర్ర కావాలంటే చీల్చి లోపలికి వెళ్లాలి. వెదురు చీల్చాలన్నా కాస్త గట్టి అలుగు కావాలి. వెదురులో ఇసుకలోని పదార్థమే, సిలికా, ఉంటుంది కాబట్టి పదును త్వరగా పోతుంది, చిన్న సానరాయి సంచిలో ఉండాలి. వీళ్లకి గార్బెర్గ్ లేదా స్ట్రాంగ్‌ఆర్మ్. అంత డబ్బు వద్దనుకుంటే, దగ్గరుండి చేయించుకున్న ఐదంగుళాల, నాలుగు మిల్లీమీటర్ల కమ్మరి కత్తి ఆ పని హాయిగా చేస్తుంది. నూనె రాసి పెట్టే ఓపిక మాత్రం మీది.

ఇంతవరకూ కత్తి సానపట్టడం రానివాళ్లు ఏది కొన్నా ఆరు నెలల్లో మొద్దు కత్తే మిగులుతుంది. కంపానియన్ కొని, మిగిలిన డబ్బుతో రెండు వైపుల సానరాయి తీసుకోండి.

నా సంచిలో ఇప్పుడు కంపానియన్ ఉంది. కమ్మరి మావయ్య చేసిన ఆరు మిల్లీమీటర్ల కత్తి తోటలో పనిచేస్తోంది. బీరువా మీద తుప్పు పట్టిన మొదటి కత్తిని అమ్మ ఇసుక వేసి తోమింది, సానరాయి మీద రుద్దింది, పెరట్లో కూర్చుని చీపుళ్ల కోసం కొబ్బరి ఈనెలు గీస్తోంది. తోలు ఒర పారేసింది. రెండేళ్లయింది, రోజూ చేతిలో ఆడుతోంది కాబట్టి దానికి మళ్లీ తుప్పు పట్టలేదు.